ఉప్పునీళ్ళు తాగిన బోల్టు

మా కారు థర్మోస్టాట్ మూతకు ఉన్నవి రెండే రెండు బోల్టులు. మొదటిది పానా పెట్టగానే కిర్రుమని ఊడొచ్చింది. రెండోది కూడా కదిలింది. కదిలింది కదా అని మేస్త్రి ఇంకో పావు చుట్టు తిప్పాడు. అప్పటిదాకా బిర్రుగా నిలబడ్డ పానా ఉన్నట్టుండి మెత్తగా సాగింది. ఆ వెంటనే చేతికి బరువే తెలియలేదు. బోల్టు తల పానాతో పాటు వచ్చేసింది, మిగతాది లోపలే ఉండిపోయింది.

"పొయ్యింది సార్," అన్నాడు మేస్త్రి. ఇంకేమీ అనలేదు. పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

ఆ మెత్తదనం గురించి కాస్త చెప్పాలి. తుప్పు వదిలి కదిలే బోల్టు టక్కుమని ఒక చప్పుడు చేస్తుంది, ఆ తర్వాత ఒక్కో చుట్టుకీ పట్టు తగ్గుతూ వస్తుంది. విరగబోయే బోల్టుకు చప్పుడుండదు. పానా తిరుగుతూనే ఉంటుంది గానీ పట్టు తగ్గదు. అంటే తిరుగుతున్నది పైన తల మాత్రమే. కింద మరలు ఉన్నచోటే ఉన్నాయి, మధ్యలో కాడ మెలి తిరుగుతోంది. సరిగ్గా అక్కడ ఆగి, ఒక్క పిసరు బిగింపు వైపుకి తిప్పి, నూనె వేసి, మళ్ళీ వదులు వైపుకి వస్తే చాలా బోల్టులు బతుకుతాయి. మా మేస్త్రికి ఇది తెలియక కాదు. ముప్పై ఏళ్ళ చెయ్యి అతనిది. కానీ ఆ మెలి అర సెకను కూడా ఉండదు, అతను ఎదురుచూసింది మామూలు తుప్పును. లోపల ఉన్నది వేరే సరుకు.

నేను మెకానిక్‌ని కాను. నెల్లూరు పక్క కోవూరులో నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు నడుపుతాను. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు. పీహెచ్, ఉప్పు, అమ్మోనియా చూసి చీటీ రాసిస్తాను. మిగతా రోజంతా గట్ల మీద తిరుగుడే. అందుకోసమే మా బావమరిది దగ్గర ఈ పాత మారుతి 800 కొన్నాను. 2014 జనవరిలోనే దాని తయారీ ఆపేశారు గానీ మా వైపు గట్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. బరువు తక్కువ. చక్రం బురదలో దిగబడితే నలుగురు పట్టి తోసేయొచ్చు.

కారు కొన్నాక కొద్ది రోజులకే రామతీర్థం నుంచి వస్తుంటే వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలైంది. జూన్ నెల. మిగతా రాష్ట్రమంతా వానల గురించి మాట్లాడుకునే ఆ రోజుల్లోనే నెల్లూరోళ్ళం గొడుగు ఎండకి పట్టుకుని తిరుగుతాం. మాకు గట్టి వాన అంటే అక్టోబరు తర్వాతే. కారు ఒక చింతచెట్టు కింద ఆపి బానెట్ ఎత్తి చూశాను. ఇంజను సెగలు కక్కుతోంది, రేడియేటర్‌కి పోయే పైగొట్టం మాత్రం చేత్తో పట్టుకునేంత చల్లగా ఉంది. వేడి నీళ్ళు ఇంజన్ దాటి రేడియేటర్ దాకా రావడం లేదన్నమాట. మధ్యలో తలుపు మూసుకుపోయింది. ఆ తలుపు పేరే థర్మోస్టాట్. లోపలి మైనం వేడికి ఉబ్బి తలుపును నెడుతుంది, చల్లారితే స్ప్రింగు మూస్తుంది. అంతే దాని పని. మాది తెరుచుకోవడం మానేసింది.

గ్యారేజీలో రేడియేటర్ నీళ్ళు వదిలినప్పుడు ఎర్రమట్టి రంగులో వచ్చాయి. మేస్త్రి వాటిని కాలవలోకి తోసేయబోతుంటే ఒక సీసా పట్టుకున్నాను. అలవాటు.

సాయంత్రం ల్యాబులో ఆ నీళ్ళను వడగట్టి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి కిటికీ వైపు చూశాను. నీలం, తెలుపు కలిసే గీత మూడు దగ్గర నిలిచింది. లీటరుకు మూడు గ్రాముల ఉప్పు. కూలెంట్ కలిపిన నీళ్ళయితే ఆ గీతను నమ్మడానికి లేదు, అందులో ఉండే గ్లైకాల్ కూడా వెలుతురును వంచుతుంది. అందుకని ఒక గాజు గొట్టంలో కొంచెం తీసుకుని, రెండు చుక్కలు నైట్రిక్ యాసిడ్, ఆ పైన సిల్వర్ నైట్రేట్ వేశాను. వేసీ వేయగానే నీళ్ళు విరిగిన పాలలా తెల్లబడి, ఆ తెలుపు అడుక్కి దిగింది. క్లోరైడ్, అంటే ఉప్పు ఉన్నట్టే. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది కాబట్టి మూడంటే రొయ్యకు చప్పిడి నీళ్ళే. కానీ తాగే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు అర గ్రాము దాటకుండా ఉంటే మంచిదని మన ప్రమాణాలు చెబుతాయి. మనిషి తాగకూడని నీళ్ళు కారు చేత తాగించారు.

బావమరిదికి ఫోను చేశాను.

"గుంట కాడ షెడ్డులో బోరుండాది గదా బావా, డ్రైవరు అవే పోసేవోడు. నీళ్ళు నీళ్ళే గదా?"

రొయ్యలకు ఉప్పు ఒక పాయింటు ఎక్కువైతే అర్ధరాత్రి నాకు ఫోను చేసే మనిషి అన్న మాట ఇది.

ఇక ఆ బోల్టు ఎందుకు రాలేదో చెబుతాను. బోల్టు ఉక్కుది. అది దిగిన గూడు అల్యూమినియంది. రెండు వేరు వేరు లోహాలు తాకుతూ ఉండి, వాటి మధ్య ఉప్పునీళ్ళు చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియం. మామూలుగా అల్యూమినియం మీద కంటికి కనపడని ఒక పొర ఉండి దాన్ని కాపాడుతుంది. క్లోరైడ్ ఆ పొరకు చిల్లులు పొడుస్తుంది. అరిగిన అల్యూమినియం యాడికీ పోదు, తెల్లటి పొడిగా మారి మరల మధ్యలోనే కూర్చుంటుంది. పోయిన లోహం కన్నా ఈ పొడికి చోటు ఎక్కువ కావాలి. చోటు లేదు కాబట్టి బోల్టును నాలుగు వైపులా బిగిస్తుంది. ఏడాదిగా తెరవని ఆవకాయ జాడీ మూత ఎలా పట్టేస్తుందో అలా, కాకపోతే ఇక్కడ పట్టేసింది నూనె కాదు, రాయి. అందుకే దీనికి ఎర్ర తుప్పు మీద పనిచేసే చిట్కాలన్నీ పనిచేయవు. మొదటి బోల్టు సులభంగా రావడానికి కారణం కూడా ఇదే. దాని వైపు ప్యాకింగ్ బాగుంది, నీళ్ళు మరల్లోకి దిగలేదు. రెండో వైపు ప్యాకింగ్ చివికిపోయి ఉంది.

బోల్టు విరిగిందని తెలిస్తే చాలు, గ్యారేజీ ముందు టీ తాగేవాళ్ళంతా డాక్టర్లయిపోతారు. ఒకాయన కిరసనాయిలు పొయ్యమన్నాడు. ఇంకొకాయన బ్రేక్ ఆయిల్ అన్నాడు. అది బోల్టుకు చేసే మేలు సంగతేమో గానీ పెయింటు మీద పడితే పొర పొరగా లేపేస్తుంది. లారీ డ్రైవరు ఒకతను కూల్‌డ్రింక్ పోస్తే రాత్రికి రాత్రి వదులుతుందని ఒట్టేసి చెప్పాడు. మా గ్యారేజీలో ఉన్నది డబ్ల్యూడీ-40 డబ్బా. ఆ పేరులోనే ఉంది సంగతి: నీళ్ళను పక్కకు తోసే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది అది. తేమ తోలడానికి మంచిదే, సన్నటి సందుల్లోకి పాకడానికి చేసిన నూనెలు వేరే ఉన్నాయి. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనెలో సమానంగా అసిటోన్ కలిపిన మందును చాలామంది మెచ్చుకుంటారు. అసిటోన్ నా ల్యాబులోనే ఉంది, నూనె మేస్త్రి తెప్పించాడు. వాడేముందు ప్రతిసారీ కుదపాలి, లేకపోతే రెండూ విడిపోతాయి. అసిటోన్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి వేడి చేసే పని ఉన్నరోజు దాన్ని దగ్గర పెట్టుకోకూడదు.

అసలు గొడవ నూనె దగ్గర రాలేదు. ఈజీ అవుట్ దగ్గర వచ్చింది.

గ్యారేజీలో పనిచేసే చిన్నోడు ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఐదు ముక్కలు, సన్నం నుంచి లావు వరకు, ఎడమ వైపు మెలి తిరిగిన మేకుల వరస. విరిగిన బోల్టు మధ్యలో కన్నం వేసి, ఇది దించి ఎడమ వైపు తిప్పితే లోపల కరుచుకుని బోల్టును బయటికి తెస్తుంది. "ఐదు నిమిషాల పని సార్," అన్నాడు. మేస్త్రి కూడా తలూపాడు.

నేను వద్దన్నాను. ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డులో నేను చూసిన ఇంజన్ హెడ్డు ఒకటి గుర్తుంది. ఎవరో దానిలో ఈజీ అవుట్ విరగ్గొట్టి తెచ్చారు. ఆ మేకులు గట్టి ఉక్కువి, గట్టివి కాబట్టే పెళుసు. వంగవు, పుటుక్కున తెగుతాయి. తెగిన ముక్క లోపల పడ్డాక మామూలు డ్రిల్ బిట్టు దాని మీద జారి పక్కన మెత్తగా ఉన్న అల్యూమినియాన్ని తవ్వేస్తుంది. ఇక కార్బైడ్ బిట్టుతో గీరాలి, లేదా నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించి తీసే యంత్రం ఉన్న చోటికి మోసుకుపోవాలి. ఆ హెడ్డు చెన్నై పోయింది. పైగా ఆ మేకు ఆకారంలోనే ఉంది చిక్కు. కింద సన్నం, పైన లావు. లోపలికి దిగేకొద్దీ బోల్టు ముక్కను పక్కలకి నెడుతుంది, అంటే ఇప్పటికే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగిస్తుంది. తల ఆరోగ్యంగా ఉన్నప్పుడే తిరగని బోల్టు, దానిలో మూడో వంతు లావున్న మేకు మీద ఎందుకు తిరుగుతుంది? వదులుగా ఉండి ఏదో దెబ్బకి తెగిన బోల్టుకైతే ఈజీ అవుట్ బంగారం. పట్టేసి తెగినదానికి కాదు.

నా లెక్క ఇంతే. విరిగిన బోల్టుకు ఒక వైద్యం చేస్తే అది ఫలించకపోయినా తర్వాతి వైద్యానికి దారి ఉండాలి. నూనె వేస్తే ఏ దారీ మూసుకోదు. వేడి చేస్తే మూసుకోదు. పైన నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టినా ఊడిపోతే మళ్ళీ కొట్టొచ్చు. నిటారుగా, నడిమధ్యన కన్నం వేసినా పర్లేదు. ఈజీ అవుట్ విరిగితే మాత్రం వెనక ఉన్న తలుపులన్నీ ఒకేసారి పడిపోతాయి. ఈ మాట చెబితే మేస్త్రి కాసేపు ఆలోచించి, "అయితే బాయ్‌ని పిలవాల," అన్నాడు.

బాయ్ అంటే లేత్ పని చేసే పెద్దాయన. అయితే ఆయన వెంటనే రావడానికి లేదు, మేస్త్రి కూడా ఉండడానికి లేదు. రొట్టెల పండగ మొదలవుతోంది. పోయినేడు మేస్త్రి స్వర్ణాల చెరువులో ఇంటి రొట్టె పట్టాడు. ఇల్లు కట్టాడు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి ఆ రొట్టెను అడిగినవాళ్ళకు ఇవ్వాలి. బారా షహీద్ దర్గా వైపు జనం వరదలా వస్తున్నారు, దర్గామిట్ట దారిలో బండి కదలదు. "పండగ అయినాక చూద్దాం సార్, అందాక నూనె తాగనీ," అన్నాడు. గ్యారేజీకి తాళం పడింది.

ఇప్పుడు అనిపిస్తోంది గానీ, ఆ సెలవే సగం వైద్యం. తాళం చెవి ఒకటి చిన్నోడి దగ్గర ఉంది కాబట్టి పొద్దున, సాయంత్రం వాడితో పోయి రెండు చుక్కలు వేసి, విరిగిన ముక్క మీద సన్నటి పంచ్ పెట్టి సుత్తితో చిన్నగా తట్టొచ్చేవాడిని. గట్టిగా కొట్టకూడదు, కింద ఉన్నది అల్యూమినియం పోత. చిన్న దెబ్బలు, చాలా దెబ్బలు. రాతి పొరలో సన్నటి బీటలు పడితే నూనె అటుగా పాకుతుంది. నాలుగోపూటకో ఐదోపూటకో ముక్క చుట్టూ తెల్లటి చెమ్మ గీత ఒకటి కనిపించింది. చిన్నోడు దాన్ని గోటితో గీరి, "ఉప్పు సార్," అని నాలిక మీద పెట్టుకోబోయాడు. చెయ్యి మీద ఒక్కటి వేశాను.

బాయ్ టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. ముందు కాళ్ళ దగ్గర చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను, భుజానికి గుడ్డ సంచి. వచ్చీ రాగానే కారు చూడలేదు, నన్ను చూశాడు.

"ఈజీ అవుట్ పెట్టారా?"

"లేదు బాయ్."

"అయితే టీ చెప్పు."

టీ తాగాకే బానెట్ కిందికి వంగాడు. విరిగిన ముక్క గూటి పైకి ఒకటిన్నర మిల్లీమీటరు వచ్చి ఉంది, అంతే. వైస్ గ్రిప్పు పెడితే జారిపోయే ఎత్తు. ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీయించాడు. వెల్డింగ్ కరెంటు దారి తప్పితే ఇంజన్ కంప్యూటర్ కాలిపోతుంది. పెట్రోలు గొట్టం మీద, వైర్ల మీద తడి గోనెపట్టా కప్పించాడు. థర్మోస్టాట్ తీశాక మిగిలిన పెద్ద కన్నంలో గుడ్డ కుక్కించాడు. చిన్నోడిని ఒక బకెట్ ఇసక పట్టుకుని నిలబడమన్నాడు. ఈ తతంగానికే చాలాసేపు పట్టింది.

తర్వాత చిన్న గ్యాసు మంటతో గూటిని వేడి చేశాడు. బోల్టు మీద కాదు, దాని చుట్టూ. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. డిగ్రీకి మీటరుకు ఉక్కు 12 మైక్రాన్లయితే, అల్యూమినియం 23. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నాన్ని 150 డిగ్రీలు వేడెక్కిస్తే రెండింటి మధ్య వచ్చే తేడా 0.013 మిల్లీమీటర్లు. చెబితే నవ్వొస్తుంది గానీ నూనె పాకడానికి ఆ సందు చాలు. భయం ఒకటుంది. ఉక్కు కరిగే ముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అప్పటిదాకా రంగు మార్చదు. చూస్తూ చూస్తూనే జారి కిందపడుతుంది. బాయ్ దగ్గర థర్మామీటరు లేదు. వేలు తడి చేసి దూరం నుంచి ఒక చుక్క విదిల్చేవాడు. చుక్క నిలబడి ఉడికితే ఇంకా చాలదు. పడగానే గంతులేస్తే చాలు.

చాలనుకున్నాక సంచిలోంచి కొవ్వొత్తి తీశాడు. మామూలు, కరెంటు పోతే వెలిగించుకునేది. దాన్ని వేడెక్కిన ముక్క అంచుకి ఆనించాడు. మైనం కరిగి, ముక్క చుట్టూ ఉంగరంలా నిలిచి, మేం చూస్తుండగానే లోపలికి దిగిపోయింది. ఇంకొంచెం ఆనించాడు. అదీ దిగింది. నూనె వేడికి పొగై పోతుంది, మైనం మాత్రం సందు వెతుక్కుంటూ పోతుంది.

"తాగతాంది," అన్నాడు బాయ్.

అప్పుడు నట్టు. బోల్టు సైజు నట్టు పెడతాడనుకున్నాను, పది నంబరుది పెట్టాడు. కన్నం కొంచెం పెద్దదైతే వెల్డింగ్ పుల్ల అడుగుదాకా పోయి ముక్కను పట్టుకుంటుందట. లోపలి ముక్క మీద పుల్ల ఆనించి, అక్కడ్నించి పైకి నింపుకుంటూ వచ్చాడు. అల్యూమినియానికి ఆ పుల్ల అంటుకోదు, అందుకే ఈ పనికి కాస్త ధైర్యం చేయొచ్చు. పక్కన నాలుగు బొట్లు పడినా గోటితో తీసేయొచ్చు.

నట్టు ఎర్రగా ఉన్నప్పుడే తిప్పబోయాడు మేస్త్రి. బాయ్ చెయ్యి పట్టుకున్నాడు. "అబ్బయా, చల్లారనీ. ఎర్రగా ఉన్నప్పుడు అది మెత్తన." వెల్డింగ్ వేడికి బోల్టు ముక్క ఉబ్బి చుట్టూ ఉన్న పొడిని నలిపేస్తుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడే పట్టు వదులుతుంది.

మొదటి నట్టు ఊడి చేతికొచ్చింది. మేస్త్రి నిట్టూర్చాడు. బాయ్ మాత్రం ఊడిన నట్టును తిరగేసి అడుగు చూసి, సగమే పట్టిందని చెప్పి, ముక్క మీద బ్రష్షు రుద్ది రెండోది పెట్టాడు. ఈసారి పానా పెట్టి ముందు బిగింపు వైపుకి తోశాడు. కదల్లేదు. వదులు వైపు. కదల్లేదు. మళ్ళీ బిగింపు. ఇట్లా పోతూ వస్తూ ఉండగా ఎక్కడో టక్కుమంది. గోరు ఇరిగినంత చిన్న చప్పుడు. బాయ్ నవ్వాడు, అదే మొదటిసారి నవ్వడం. అయినా తొందరపడలేదు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, మధ్యలో కొవ్వొత్తి. మరల మధ్య నుంచి తెల్లటి పొడి, నల్లటి మైనం కలిసిన ముద్ద పైకి వస్తూ ఉంది.

వచ్చింది. పూర్తిగా వచ్చిందని ఎగిరి గంతేయలేదు మేం, ఎందుకంటే దాంతోపాటు గూటిలోని మరలు కూడా వచ్చాయి. బోల్టు ముక్క చుట్టూ తెల్లగా మెరుస్తూ సన్నటి అల్యూమినియం తీగ ఒకటి చుట్టుకుని ఉంది. లాగితే స్ప్రింగులా సాగింది.

మేస్త్రి, మరలు కోసే పది నంబరు ట్యాపు కొడదామన్నాడు. మా వైపు అందరూ చేసేది అదే. కన్నం పెద్దది చేసి పెద్ద బోల్టు దించడం. కానీ గూటి గోడ మందం తక్కువ. మూత చెవిలో కూడా పది నంబరు బోల్టు పట్టదు, దాన్నీ తొలవాలి. ఇంకో పదేళ్ళకి మళ్ళీ పట్టేస్తే అప్పుడు తొలవడానికి గోడే మిగలదు. బాయ్ సంచిలో హెలీకాయిల్ ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో చుట్టిన చిన్న చుట్ట. బయట పెద్ద మర, లోపల పాత ఎనిమిది నంబరు మర. దానికి 8.3 మిల్లీమీటర్ల కన్నం వేసి, దాని కోసమే చేసిన ట్యాపు కొట్టాలి. మామూలు ట్యాపు పనికిరాదు. డ్రిల్లుకీ ట్యాపుకీ గ్రీజు దట్టంగా పూశాడు, పొట్టు లోపల పడకుండా దానికే అంటుకుని వచ్చేస్తుంది. రెండు చుట్లు ముందుకి, ఒకటి వెనక్కి, తీసి తుడవడం, మళ్ళీ దించడం. ఆఖరికి చుట్టను చేతి పరికరంతో తిప్పుతూ గూటి అంచు కన్నా ఒక పిసరు కిందికి దించి, అడుగున ఉన్న చిన్న తోకను పంచ్‌తో కొట్టి విరిచాడు. ఆ తోకను అయస్కాంతంతో వెతికితే రాలేదు, స్టెయిన్‌లెస్ కదా. చిమటాతో తీశాడు. కొత్త బోల్టు పెట్టి చూస్తే వేళ్ళతోనే హాయిగా దిగింది.

ఇక్కడ నేను, స్టెయిన్‌లెస్ బోల్టే వేస్తే తుప్పు గొడవ ఉండదు కదా అని అడిగేవాళ్ళను చాలామందిని చూశాను. బోల్టుకు తుప్పు పట్టదు, నిజమే. కానీ ఉప్పునీళ్ళు చేరితే మామూలు ఉక్కు కన్నా స్టెయిన్‌లెస్ పక్కన ఉన్న అల్యూమినియానికి ఎక్కువ కష్టం. పైగా ఇప్పుడు లోపల చుట్ట కూడా స్టెయిన్‌లెస్సే, ఒకే రకం రెండూ రుద్దుకుంటే కరుచుకుపోతాయి. జింకు పూత ఉన్న మామూలు బోల్టుకు, మరలు పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాసి వేశాం. పేస్టు రాసిన బోల్టు నున్నగా తిరుగుతుంది కాబట్టి అలవాటు ప్రకారం బిగిస్తే ఎక్కువైపోతుంది. కొంచెం ముందే ఆగాలి.

బాయ్ తీసుకున్నది ఎనిమిది వందలు, టీ వేరే. బోల్టు ధర అడక్కండి.

థర్మోస్టాట్ విషయంలో మళ్ళీ వాదన. "మన ఎండలకి ఇదెందుకు సార్, తీసి పారేద్దాం," అన్నాడు మేస్త్రి. ఈ మాట నెల్లూరులోనే కాదు, ఒంగోలు దాకా ఏ గ్యారేజీలో అడిగినా వినిపిస్తుంది. తలుపు తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్‌లోకి పోతూనే ఉంటాయి, ఇంజను కావలసినంత వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. ఎండ నలభై డిగ్రీలుంటే ఇంజనుకు కావలసింది దానికి రెట్టింపు. కొత్తది తెప్పించాను. దాని మీద 82 అని చెక్కి ఉంది, ఆ వేడికి తెరుచుకోవడం మొదలుపెట్టాలి. ఇంట్లో గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, ల్యాబు థర్మామీటరు పెట్టి పొయ్యి వెలిగించాను. అడుగుకు తగలకూడదు, అందుకే దారం. ఎనభై దాటాక సన్నగా గీత తెరుచుకుంది, నీళ్ళు మరిగేసరికి పూర్తిగా విచ్చుకుంది. పాతదాన్ని కూడా అదే గిన్నెలో వేలాడదీశాను. నీళ్ళు తెర్లినా కదల్లేదు. దాని నడుమంతా తెల్లటి సున్నం.

"ఏమండీ, అది పాల గిన్నె," అంది మా ఆవిడ వెనక నుంచి. కొత్త పాల గిన్నె ఖర్చు కూడా ఆ బోల్టు ఖాతాలోనే.

రేడియేటర్‌ను రెండుమూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆఖరుసారి వచ్చిన నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ వేసి తెల్లబడలేదని చూసుకున్నాకే కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోశాను. కూలెంట్ చలిదేశాల వాళ్ళకని ఇక్కడ అనుకుంటారు. గడ్డకట్టకుండా ఉండడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. అల్యూమినియం మీది పొరను కాపాడే మందులు అందులో ఉంటాయి, మనకు కావలసింది అవి. ఆ మందులు కాలం గడిచేకొద్దీ అయిపోతాయి కాబట్టి రంగు బాగానే ఉందని అట్టే పెట్టుకోకుండా డబ్బా మీద రాసిన గడువుకు మార్చాలి.

పోయిన వారం మా మేస్త్రి చిన్నోడి చేత ల్యాబుకు ఒక సీసా పంపాడు. గ్యారేజీ బోరు నీళ్ళు, చూసి చెప్పమన్నాడు. చూశాను. లీటరుకు 1400 మిల్లీగ్రాముల లవణాలు. ఫోను చేసి, ఈ నీళ్ళు ఏ కారులోనూ పోయొద్దని గట్టిగా చెప్పాను.

"కార్లకి క్యాన్లు తెప్పిస్తన్నా సార్," అన్నాడు. "ఇయ్యి టీకి."